కమీల్ పాటా, కప్పు మీది పావురమూ

ఆల్వెరింగెమ్, 4 మే 1986

బ్రసెల్స్ పాటల పట్టిక ఆఫీసు అయ్యగారికి గోడెలీవ్ వెర్‌హేగె నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా, పావురాలు తప్ప.

మా ఆయన కమీల్ పాడిన రికార్డు మీ ఫ్లాండర్స్ పట్టికలో అట్టడుగున ఉందట. బాబ్బాబు, జూలైలోపు దాన్ని మొదటి స్థానానికి ఎక్కించండి. నా బతుకంతా దాని మీదే ఉంది. పావురాల పందెంలో దూరపు గూటికి ఆ దూరం లెక్కగట్టి న్యాయం చేస్తారు. మా ఊరూ బ్రసెల్స్‌కి దూరమే కదా, పాటకి ఆ లెక్క ఎందుకు కట్టరు?

ఇట్లు,
గోడెలీవ్

తా.క. కమీల్ నా భుజం మీంచి సంతకం దాకా చదివి మురిసిపోయి వెళ్ళాడు. ఇక అసలు సంగతి. పాట మొదటి స్థానానికి వచ్చేదాకా రోజూ పెరట్లో నిలబడి పాడతానని, వచ్చాక ఇక గొంతెత్తనని బీరుకొట్టులో అందరి ముందూ ఒట్టేశాడు. ఈయన గొంతెత్తితే నా పావురాలు కప్పు మీదే కూర్చుంటాయి, గూట్లోకి దిగవు. దిగాక కాలికున్న నంబరు రబ్బరు తీసి పందెం గడియారంలో వేస్తేనే వచ్చినట్టు లెక్క! జూలైలో బార్సిలోనా నుంచి ఇంటిదాకా ఎగిరే పెద్ద పందెం. ఆయన నోరు మూయించండి మహాప్రభో!


బ్రసెల్స్, 15 మే

గౌరవనీయులైన గోడెలీవ్ అమ్మగారికి,

భర్త పాట కోసం ఇంతగా పరితపించే ఇల్లాలిని నా సర్వీసులో చూడలేదు. చదివి కళ్ళు తుడుచుకున్నాను. అయితే అమ్మా, దుకాణాల్లో ఆ వారం ఏ రికార్డు ఎక్కువ అమ్ముడైతే అదే మొదటిది. దూరాల లెక్క మాకు లేదు. పాట రెక్కలు కట్టుకుని రాదు కదా!

భవదీయుడు,
యోరిస్ ద క్యూపర్, గుమాస్తా


ఆల్వెరింగెమ్, 2 జూన్

యోరిస్ అయ్యగారికి నమస్కారాలు.

మీ జవాబు కమీల్ బీరుకొట్టులో పైకి చదివి వినిపించాడు. ఆయనకి ఆనందం పట్టడం లేదు. మీకు రొయ్యల వడలు పంపుతున్నాం. కింద రాసింది కూడా కాస్త చూడండి.

ఇట్లు,
గోడెలీవ్

తా.క. వెళ్ళాడు. పరితాపమేమిటండీ, మీ చలవ వల్ల ఇప్పుడు సాయంత్రం కూడా పాడుతున్నాడు! మొన్న ఓర్లియాన్స్ పందెంలో నా పావురం బ్లావ్కె అందరికంటే ముందొచ్చింది. ఏం లాభం? ఆయన మూడు చరణాలూ ముగిసేదాకా కప్పు దిగలేదు. వెధవ పందెం పోయింది. ఏడుపొచ్చింది.


బ్రసెల్స్, 27 జూన్

అమ్మగారికి శుభవార్త!

మీ అనురాగం సంగతి రేడియోలో పనిచేసే మా బావమరిదికి చెప్పాను. ఆదివారం భోజనాల వేళ మీ ఉత్తరం చదివాడు. ఘెంట్ నుంచి ఆంట్‌వెర్ప్ దాకా ఆడవాళ్ళు మొగుళ్ళని రికార్డు దుకాణాలకి తరిమారు. ఈ వారం మీ కమీల్‌దే మొదటి స్థానం!

భవదీయుడు,
యోరిస్

తా.క. సంతకం కింద రాసింది చదవకూడదని మా ఆఫీసు నియమం. అయినా పైన ఉన్నదే గుండె కరిగించింది. లంచాలు పుచ్చుకోం కనుక వడల డబ్బా తిప్పి పంపుతున్నాను. డబ్బా మాత్రమే.


ఆల్వెరింగెమ్, 8 జూలై

యోరిస్ బాబుకి ఆశీస్సులు.

కమీల్ మాట నిలబెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి గొంతు విప్పలేదు. అబ్బ, ఇల్లు హాయిగా ఉందనుకున్నాను. పందెం రోజు బ్లావ్కె వచ్చింది. చుట్టుపక్కల ఏ గూటికీ ఇంకా పిట్ట చేరలేదు! వచ్చి కప్పు మీద కూర్చుంది. పెరడంతా నిశ్శబ్దం. అయినా దిగదే! మెడ వంచి ఎదురుచూస్తోంది. అప్పుడు వెలిగింది నాకు. అది ఇన్నాళ్ళూ భయపడి కూర్చోలేదు బాబూ, వింటూ కూర్చుంది!

"పాడవయ్యా మగడా!" అని కాళ్ళా వేళ్ళా పడ్డాను.

"ఒట్టు తీరింది గోడెలీవ్. ఇక పాడితే ఊళ్ళో తలెత్తుకోగలనా?" అన్నాడు.

ఏం చెయ్యను? నడుం బిగించి నేనే అందుకున్నాను. రోజూ విన్న పాటేగా, మూడు చరణాలూ గడగడా వచ్చేశాయి. బ్లావ్కె టక్కున గూట్లోకి దిగింది. గెలిచాం బాబూ, గెలిచాం!

ఇట్లు,
గోడెలీవ్

తా.క. అనురాగవతి ఇల్లాలిని చూడాలని వచ్చిన మీ బావమరిది కంచె అవతల నిలబడి నా పాటంతా టేపు చేసుకున్నాడు. రేడియోలో వేస్తే కమీల్ పాటని కిందికి నెట్టేస్తుందట. మా ఇద్దరిలో ఎవరు బాగా పాడతారని కమీల్ నిన్నటి నుంచి నా ప్రాణం తీస్తున్నాడు. పావురాన్ని అడగమన్నాను.