కప్ప బొమ్మ మీద రెండు వందల బిట్లు

జూలై 7, సోమవారం. ఉదయం 6.10

ఈ రోజు నుంచి నేను మారిపోయాను. సీనియర్ ఇంటర్ పిల్లలకి వారం రోజులపాటు జువాలజీని బొమ్మల పుస్తకంతోనే చెబుతాను. బిట్లు ఇవ్వను. ఒక్కటి కూడా.

రెండో తరగతి చదివే మా అమ్మాయి హెలెన్‌ని బతిమాలి పుస్తకం తెచ్చుకున్నాను. పంట కాలువ, పురుగు, కప్ప, కొంగ. పేజీకి ఒకే వాక్యం. ఆహార గొలుసంతా అందులోనే ఉంది.

ప్రిన్సిపల్ వీరభద్రరావు గారు ఒప్పుకున్నారు, తన పద్ధతిలో. "చెప్పండి డయానా గారూ, కాదనను. శనివారం టెస్టులో యావరేజ్ తగ్గితే మాత్రం మీ సెక్షన్ ఇంకొకరికి ఇచ్చేస్తానండీ."

సాయంత్రం 4.30

అద్భుతం! అరవై మందీ తలెత్తి చూశారు. ఒకడు నిద్రలోంచి.

జూలై 8, మంగళవారం

ఫిజిక్స్ స్టీఫెన్ గారు పుస్తకం అడిగి పట్టుకెళ్లారు. కప్ప గంతు చూపించి కోణం లెక్క చెప్పారట. నా కీర్తి పాకుతోంది.

క్లాసులో నతానియేలు చెయ్యెత్తాడు. "మేడమ్, కప్ప ఎన్ని మార్కులకి వస్తుందండీ?"

పోనీలే. చెయ్యెత్తాడు కదా.

జూలై 9, బుధవారం

నోట్స్ అడిగారు. నోట్స్ అంటే బిట్లు కాదు గనక ఇచ్చాను. ముప్పావుగంట.

జూలై 10, గురువారం. ఉదయం 11.20

భయం వేస్తోంది. ఎల్లుండే టెస్టు. ఈ పిల్లల్ని జూనియర్ ఇంటర్ నుంచి లాక్కొచ్చాను. ఇప్పుడు ఇంకొకరికి అప్పజెప్పడం నా వల్ల కాదు.

పది బిట్లు. పదే. అవీ బొమ్మ మీదే, కాబట్టి శపథం తప్పినట్టు కాదు.

కొంగ ఏ కాలి మీద నిలబడింది? ఎ) కుడి బి) ఎడమ సి) రెండూ డి) పైవేవీ కావు

మధ్యాహ్నం 3.00

నూట పదయ్యాయి. చెయ్యి ఆగడం లేదు.

జూలై 11, శుక్రవారం

రెండు వందలు.

స్టడీ అవర్‌లో అందరూ కళ్లు మూసుకుని వల్లెవేస్తున్నారు. పుస్తకం నా బల్ల మీదే ఉంది. ఒక్కరూ వచ్చి తెరవలేదు. నేనూ తెరవలేదు, నా దగ్గర జవాబుల కీ ఉంది.

జూలై 12, శనివారం. మధ్యాహ్నం 1.15

టెస్టు పేపరు నేనే ఇచ్చాను, ఆ రెండు వందల్లోంచే. యావరేజ్ తొంభై నాలుగు. సెక్షన్ నాదే.

ప్రిన్సిపల్ గారు పొంగిపోయారు. "గన్నవరం, ఉయ్యూరు బ్రాంచీలకి కూడా మెటీరియల్ వేయిద్దామండీ. బొమ్మలు తీసేద్దాం, పేజీలు కలిసొస్తాయి."

తలూపాను. సిగ్గేసింది.

సాయంత్రం 4.00

ఫస్ట్ మార్కు శాలినిది. జ్వరంతో సోమవారం నుంచి బుధవారం దాకా రాలేదు. నిన్న బిట్లు బట్టీపట్టి నూటికి నూరు తెచ్చుకుంది.

అందరూ వెళ్లాక వచ్చింది. "మేడమ్, ఆ పుస్తకం ఒకసారి చూడొచ్చాండీ? నేనసలు చూడలేదండీ."

ఇచ్చాను. నిలబడే చాలాసేపు చూసింది.

"వెనకాల గట్టు మీద ఒకావిడ నారు మోస్తోంది కదండీ. ఈవిడ గొలుసులో ఎక్కడొస్తుంది మేడమ్? తింటుందా, తినబడుతుందా?"

ఆవిడని నేను ఇప్పటిదాకా చూడనేలేదు. రెండు వందల బిట్లలోనూ లేదు. "తెలీదమ్మా, సోమవారం అందరం కలిసి చూద్దాం" అన్నాను. సంతోషం పట్టలేక ఆటో ఎక్కడం మరిచిపోయి రెండు స్టాపులు నడిచాను.

జూలై 14, సోమవారం. ఉదయం 6.05

శపథం మళ్లీ మొదలు. బొమ్మల పుస్తకమే. బిట్లు ఇవ్వను.

గట్టు మీది ఆవిడ నెత్తిన ఎన్ని నారు కట్టలున్నాయి? ఎ) రెండు బి) మూడు

కొట్టేశాను.