మంచినీళ్ళ చేపలు

గూడూరు, శ్రావణ మాసం

ప్రియమైన తమ్ముడు హజరత్తయ్యకి,

నీ అక్క వెంకటశేషమ్మ నోటితో చెప్పి, కింది వాటాలో బట్టలు కుట్టే అబిగయీలు చేత రాయిస్తున్న జాబు. ఫోను చెయ్యొచ్చు గదా అంటావేమో. ఫోను నా కూతురు చేతిలో ఉంటుంది. అందరికీ వినపడేట్టు పెట్టి పక్కనే కూర్చుంటుంది. నేను నోరు తెరిచేలోపల "అమ్మ బాగుందిలే మామయ్యా" అని కట్ చేస్తుంది. కాయితాన్ని అట్టా కట్ చెయ్యలేదు.

నా వాదం విను. తుంటి విరిగిందని ఇక్కడికి తెచ్చింది, నిజమే. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నా, అదీ నిజమే. మరి ఇంకా ఈ రెండో అంతస్తులో నాకేం పని? పొద్దున్నే కామాక్షీ అల్లుడూ ఉద్యోగాలకి పోతా బయట తాళం వేస్తారు. "మెట్ల మీద పడతావమ్మా" అంట. మధ్యాహ్నం నాకు అన్నం పెట్టేదానికి అబిగయీలుకి ఒక తాళంచెవి ఇచ్చినారు. ఆ చెవి వల్లే ఈ జాబు. కిటికీ తీస్తే ఎదురింటి గోడ. గాలి కూడా అడిగి రావాల్సిందే.

మా ఊరికి పంపించు, నా ఇంట్లో నేనుంటా అని పోట్లాడినా. దానికి నా కూతురు ఏం చేసిందో తెలుసా? అద్దాల తొట్టి తెచ్చి నా మంచం పక్కన పెట్టింది. "ఒక్కదానివే ఉండగలనంటున్నావు గదా. ఈ చేపల్ని కార్తీకం దాకా బతికించు. బతికితే నేనే తీసుకుపోయి దింపుతా. చస్తే ఇంక ఊరి మాట ఎత్తకూడదు" అనింది. సరే అన్నా. చేపని పులుసు పెట్టడమే తెలుసుగానీ పెంచడం తెలీదని అప్పుడు తోచలేదు.

నల్ల చేపలు, మోలీలంట. "ఇవి మంచినీళ్ళ చేపలు" అన్నాడంట అంగడోడు. మంచినీళ్ళంటే మనకేంది? తాగేవి. తాగే క్యాన్లు తెప్పించి తొట్టి నిండా గుమ్మరించినా. చేపలు ఈదలేదురా. ఉన్నచోటే ఊగినాయి, చలిజ్వరం వచ్చిన బిడ్డ మాదిరి. తెల్లారేసరికి వెల్లకిలా తేలినాయి. కామాక్షి "చూసినావా" అనింది, అంతే. తిట్టినా బాగుండేది. నోరు పెట్టుకుని ఇంకొక్క అవకాశం పుచ్చుకున్నా.

రొయ్యపిల్లల హేచరీలో నీళ్ళు పరీక్ష చేసినోడివి. నా తప్పేందో చెప్పు. మన ఇంటి బావి ఎట్టుందో కూడా రాయి. ఆ నీళ్ళే ఇక్కడుంటే చేప ఎందుకు చస్తుంది?

ఇట్లు,
తాళం లోపల ఉన్న నీ అక్క


చిట్టమూరు

పూజ్యురాలైన అక్కకి, హజరత్తయ్య నమస్కారాలు.

నీ జాబు చదివి ముందు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

అక్కా, చేపల అంగట్లో మంచినీళ్ళంటే సముద్రం నీళ్ళు కానివని అర్థం. తాగే నీళ్ళని కాదు. క్యాన్ నీళ్ళని మిషన్‌లో పట్టి సున్నం, ఉప్పులు దాదాపు అన్నీ లాగేస్తారు. అవి ఖాళీ నీళ్ళు. తొందరగా పులుపుకి తిరుగుతాయి. మోలీకి గట్టి నీళ్ళు కావాలి. ఖాళీ నీళ్ళలో దాని ఒంట్లో ఉప్పు నిలవదు. అందుకే ఊగింది.

హేచరీలో చేరిన రోజే మాకు చెప్పిన మాట: ముందు నీళ్ళని చూడు, తర్వాత పిల్లని చూడు. చేపకోసం నీళ్ళని మార్చబోతే రోజూ మారుస్తానే ఉండాలి. మీ బోరు నీళ్ళు గిన్నెలో కాచి చూడు. అడుగున తెల్లగా పొర కడితే గట్టి నీళ్ళే. మోలీకి, గప్పీకి అవి సరిపోతాయి. నీలం గీత మెరిసే నియాన్ చేపని చూపిస్తారు, మోజు పడబాకు. దానికి మెత్తటి నీళ్ళు కావాలి.

ఇంకొకటి. కొత్త తొట్టిలో చేప వదిలే మురికి అమ్మోనియా అవుతుంది. అది మొప్పల్ని కాలుస్తుంది. ఆ మురికిని తినే క్రిములు, కంటికి కనపడనివి, అడుగు రాళ్ళలో, వడపోత దూదిలో పుట్టాలి. చేపల్లేకుండా రోజూ చిటికెడు మేత వేస్తా నీళ్ళని పండనియ్యి. నెల పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. బస్సులో పరీక్ష చుక్కల డబ్బా పంపిస్తున్నా. ఆకుపచ్చ తిరిగితే విషం, పసుపుగా నిలిస్తే మేలు. రంగు చూసేదానికి చదువక్కర్లేదు.

బావి యాడికి పోతుంది, ఉంది. ఇక్కడ వానలు సరిగ్గా లేవు. వేళకి మందులు వేసుకో.

ఇట్లు,
నీ తమ్ముడు


గూడూరు, కార్తీక మాసం

ప్రియమైన తమ్ముడికి,

అబిగయీలు "కొంచెం నిమ్మళంగా చెప్పు పెద్దమ్మా, చెయ్యి నొప్పి పుడతా ఉంది" అంటోంది. నిమ్మళంగా చెప్పే సంగతి కాదు ఇది.

గిన్నె అడుగున సున్నం కొట్టినట్టు పొర కట్టింది. నువ్వు చెప్పినట్టే బోరు నీళ్ళు నింపి మేత వేస్తా కూర్చున్నా. "ఖాళీ తొట్టికి కాపలానా అమ్మా?" అని కామాక్షి ఎగతాళి. "నువ్వు నాకు కాపలా కాయడంలా?" అన్నా. చుక్కలు వేస్తే ఆకుపచ్చ తిరిగింది, తిరుగుతానే ఉండింది. పసుపుకి వచ్చి నిలిచినాకే చేపలు తెమ్మన్నా. అల్లుడు నియాన్ చేపలు భలే ఉన్నాయత్తా అన్నాడు. "అయితే వాటికి తగిన నీళ్ళు కూడా మోసుకురా నాయనా" అన్నా. మోలీలే తెచ్చినాడు.

బతికినాయిరా! ఊగలేదు, ఈదినాయి. ఒకటి పిల్లల్ని కూడా పెట్టింది, ఆవగింజలకి తోకలు మొలిచినట్టు.

కార్తీకం రాగానే "పద, దింపు" అన్నా. నా కూతురు తొట్టి ముందు వంగి చూసి ఏమనిందో విను. "ఇంత బాగా చూసుకుంటున్నావు. నువ్వు పోతే వీటి గతేందమ్మా?"

చస్తే నోరెత్తకూడదు, బతికితే కదలకూడదు! ఏ పంచాయితీలో చెల్లుతుందిరా ఈ న్యాయం?

సరే, చేపల్ని కూడా తెచ్చుకుంటా. మన బావి నీళ్ళు ఒక సీసా పంపించు. చుక్కలు నేనే వేసి చూసుకుంటా. పోయినసారి బావి సంగతి అడిగితే వానల సంగతి రాసినావు. ఈసారి కాయితం వద్దు, నీళ్ళు పంపు.

ఇట్లు,
గెలిచి కూడా లోపలే ఉన్న నీ అక్క


చిట్టమూరు

అక్కా,

సీసా పంపిస్తున్నా. దీనికి చుక్కలక్కర్లేదు, నాలుక చాలు.

నువ్వు ఆసుపత్రిలో ఉన్న ఎండాకాలంలోనే బావి ఉప్పెక్కింది. చుట్టూ రొయ్యల గుంటలు వచ్చేసినాయి, ఊళ్ళో ఏ బావీ మిగల్లేదు. ఆ నీళ్ళలో పప్పు కూడా ఉడకదు. నీ బట్టలు తీసుకుపోయేదానికి వచ్చినప్పుడు కామాక్షి ఒక దోసెడు తాగి చూసింది. గట్టు మీద కూలబడి ఏడ్చింది. "అమ్మకి తెలియనియ్యొద్దు మామయ్యా, ఆ బావే ఆమె ప్రాణం" అని నా చేత మాట తీసుకుంది. చేపలు ఎట్టాగూ బతకవని ఆ పందెం పెట్టింది. నువ్వు నన్ను అడుగుతావని అనుకోలేదు పాపం.

దానిమీద కోపం పెట్టుకోబాకు. నా మీద పెట్టుకో.

హజరత్తయ్య


గూడూరు

ప్రియమైన తమ్ముడికి,

ఈ జాబు అబిగయీలు రాయడంలా. రాసేది నీ మేనకోడలు కామాక్షే. "నా మీద ఫిర్యాదు నేనే రాసుకోవాలా?" అని మొరాయించింది. "నీకు చదువు చెప్పించింది ఇంకెందుకే?" అన్నా. కూర్చుంది.

నీళ్ళు పుక్కిట పట్టినా. మింగలేకపోయినా. ఆ బావి తవ్వేటప్పుడు మట్టి తట్టలు మోసిన దాన్ని నేను. నాకు కదా ముందు చెప్పాల్సింది?

మీ ఇద్దరూ నన్ను ఏమనుకున్నారు? బావి చెడిందంటే గుండె ఆగి చస్తాననా? కామాక్షి వాళ్ళ నాయన పోయినప్పుడు చచ్చినానా? ఊళ్ళో మిగతావాళ్ళు ఏదో ఒకటి కొనుక్కుని తాగతానే ఉన్నారు, వంటలు చేసుకుంటానే ఉన్నారు. వాళ్ళు తాగిందే నేనూ తాగతా. నాకు ఏది పడుతుందో మీరే తేల్చేసుకుని తలుపేసినారు. ఒక్క మాట, ఒక్క మాట నన్ను అడిగినారా?

కామాక్షి ఇక్కడ రాయడం ఆపింది. రాయవే అన్నా.

"అక్కడ ఒక్కదానివే పడిపోతే ఎట్టమ్మా?" అంటోంది. అక్కడైతే పడితే పడతా. ఇక్కడ పడకముందే పడుకోబెట్టినారు. అదే తేడా. ఇదీ రాయి.

చేపలు ఇక్కడే ఉంటాయి. ఈ నీళ్ళకి కుదురుకున్నాయి, మేత అల్లుడు వేస్తాడు. శనివారం ఆటో తీసుకుని రా. అడగడంలా, చెబుతున్నా.

ఇట్లు,
నీ అక్క వెంకటశేషమ్మ

మామయ్యా, అమ్మ చెప్పింది అయిపోయింది. ఇది నేను రాస్తున్నది. ఆటో వద్దు, కుదుపులకి తుంటి ఆగదు. నేనే కారు మాట్లాడి తీసుకొస్తాను. మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టించి కొంచెం ఎత్తు చేయించు, అమ్మ కిందికి వంగి లేవలేదు. నేను కూడా సెలవు పెట్టి కొన్నాళ్ళు ఉంటాను. ఆ సంగతి అమ్మకి ఇంకా చెప్పలేదు. చెబితే కాపలాకి వస్తున్నావా అంటుంది.

"ఇంతసేపు ఏం రాస్తున్నావే?" అని అడుగుతోంది. నువ్వు తిట్టినవే రాస్తున్నానమ్మా అన్నాను.

"ఒక్కటి కూడా తగ్గించబాకు" అంటోంది.