లియోటా మెరిపించిన పిస్టల్

ఏప్రిల్ 4, సోమవారం

లియోటా స్పైవీ ఫోన్ చేసింది. మొగుడు క్లెల్ పోయాక ఒక్కతే ఉంటోంది. బావి పంపు కాలిపోయిందట. ఎనభై ఏళ్ల మనిషి పక్కింటి నుంచి బకెట్లతో నీళ్లు మోస్తోంది. కొత్తదానికి పందొమ్మిది వందల డాలర్లు అడుగుతున్నారట. క్లెల్ దాచుకున్న యుద్ధకాలపు పిస్టల్ కొంటావా ఓరిన్ అంది.

నాకు తెలియని పిస్టలా అది? ఫ్యాక్టరీలో వేసిన బూడిదరంగు పూత అలాగే ఉంది. ఇరవై రెండు వందలిస్తాను, శనివారం తీసుకురా అన్నాను. ఓక్లహోమాలో ఈ తుపాకుల షాపు కౌంటర్ వెనక నలభై ఏళ్లు నిలబడ్డాను. నా నోట్లోంచి వచ్చిన ధర వెనక్కి పోదు.

తర్వాత ఆమెకి అమరిల్లో ఊళ్లో తుపాకుల సంతలో పంది తప్పించుకున్న కథ చెప్పాను. అరగంట. పడి పడి నవ్వింది.

ఏప్రిల్ 5

తుల్సాలో పాత పిస్టళ్లు పోగుచేసే డ్వేన్ పర్సెల్‌తో మాట్లాడాను. పాత పూత చెదరకుండా ఉంటే ఇరవై ఐదు వందలు ఇస్తానన్నాడు. పాత కారుని కడిగి అమ్మాలి. పాత పిస్టల్‌ని మాత్రం ముట్టుకోకూడదు. ముడతలున్న ముసలాడికి గిరాకీ ఉండేది ఈ ఒక్క వ్యాపారంలోనే. ఆ లెక్కన నా ధర ఈపాటికి ఆకాశంలో ఉండాలి.

ఏప్రిల్ 7, భోజనం వేళ

మాంసం ముద్ద నోట్లో ఉండగానే గుర్తొచ్చింది. అమ్మేవాళ్లకి మొట్టమొదట చెప్పాల్సింది ఒకటే మాట: తుడవొద్దు.

చెప్పలేదు. పంది కథ చెప్పాను.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. నీళ్లకి వెళ్లుంటుంది.

ఏప్రిల్ 9

గిన్నెలు తుడిచే గుడ్డలో చుట్టి తెచ్చింది. విప్పగానే షాపంతా వెలుగు. పూత ఒక్క చుక్క లేదు. మూడు రోజులు స్టీల్ పీచుతో రుద్దిందట. ఎంత మురికో ఓరిన్, మా ఆయనకి శుభ్రం ఎప్పుడు తెలుసు గనక అంది, గర్వంగా.

దానికోసమే తుల్సా నుంచి వచ్చిన డ్వేన్ పక్కనే ఉన్నాడు. భూతద్దం కూడా తియ్యలేదు. తాతకి లిప్‌స్టిక్ ఎవరు పూశారు అన్నాడు. ఆరు వందలు, అదీ నీ మొహం చూసి అన్నాడు.

లియోటా చేతులు గుడ్డలో దాచుకుంది. పాడు చేశానా అని అడిగింది, నన్ను కాదు, పిస్టల్‌ని.

లేదన్నాను. ఇరవై రెండు వందలు చేతిలో పెట్టాను. నీకు మతిపోయింది ఓరిన్ అన్నాడు డ్వేన్. నోరు నాది, ధరా నాదే అన్నాను. పంది కథ సంగతి వాడికి చెప్పలేదు.

ఏప్రిల్ 11

నా సొంత పిస్టల్ డ్వేన్‌కి అమ్మాను. అదే కాలంది. నలభై ఏళ్లలో ఒక్కసారీ పాలిష్ పెట్టలేదు. ఇరవై ఐదు వందలకి సెంటు తగ్గలేదు. బద్ధకానికి ఇంత ధర పలుకుతుందంటే మా నాన్న నమ్మేవాడు కాదు.

లియోటాది నేనే ఉంచుకున్నాను. దాన్లో చూసుకుంటూ గడ్డం గీసుకోవచ్చు.

ఏప్రిల్ 16

లియోటా ఫోన్. నీళ్లొచ్చాయట. రుణం ఉంచుకోనంది. సోమవారం పీచు పట్టుకొచ్చి నా షాపులో ఉన్నవన్నీ మెరిపిస్తుందట, ఊరికే.

సోమవారం షాపుకి సెలవు.