నా గాడిద ఎలాంటిదంటే

లాము రేవు, సోమవారం

బందెలదొడ్డి గుమాస్తా మ్వనాహవాకు ఫుమో షీ సలాం.

మీవాళ్ళు నా గాడిదను తోలుకుపోయారు. కాపలావాడు నన్ను గేటు దాటనివ్వలేదు, అందుకే రాత సరిగ్గా రాకపోయినా రాస్తున్నాను. గుర్తులు కావాలన్నావట. రాసుకో: ఎత్తైనది, అందమైనది, తెల్లనిది, హోదారి. బలమూ పౌరుషమూ రెండూ ఉన్నదని; ఉత్తి బలమైనది అంటే చాలదు. మౌలిదు పండుగనాటి గాడిదల పందెంలో గెలిచినదానికి హోదారి అన్న మాటే తగును.

ఎవరికీ తలవంచని
ఫుమో షీ

తా.క.: అది లేకుండా ఇంటికి పోను. మా ఆవిడకు చెప్పనూ లేదు. మీ పడవ దాన్ని ఎక్కించుకుపోకుండా రేవులోనే కాపలా ఉంటాను.


ఫుమో తాతగారికి వందనాలు.

అలాంటి గాడిద మా దగ్గర లేదు. ఉన్న ఒక్కటీ పొట్టిది, ముసలిది, బూడిదరంగుది, కుంటిది. ఎడమ చెవి చిరిగింది. గుర్తులు సరిపోతేనే ఇవ్వాలి. ఎవరూ రాకపోతే శుక్రవారం నమాజు కాగానే అవతలి ఒడ్డుకు పంపేస్తాం. అక్కడ ముసలి గాడిదలను కొనేది తోలు కోసమేనని మీకు తెలుసు.

మ్వనాహవా

తా.క.: అది కాపలావాణ్ణి తన్నింది.


అమ్మాయీ,

పొట్టిది కాదు, మీ గోడ ఎత్తు. నీళ్ళు పోసి తోమితే తెలుపు కనబడుతుంది. అది కుంటదు, ఆలోచించి అడుగేస్తుంది. ఒక్క మాటా మార్చను.

ఫుమో షీ

తా.క.: తెలివైనది అని కూడా చేర్చు. ఆ కాపలావాడు నన్నేదో తిట్టాడు. నాకు వినబడని ఎడమ చెవి వైపు తిట్టాడు కాబట్టి బతికిపోయాడు.


తాతగారూ,

ఈ ఉదయం ఒకావిడ వచ్చారు. ఏం తప్పిపోయిందని నేను అడగకముందే గుర్తులు గడగడా చెప్పారు: ముసలి, పొట్టి, కుంటికాలు, ఎడమ చెవి దండగ, పరమ మొండి, తిండి ఎక్కువ, పని తక్కువ. అన్నీ సరిపోయాయి. సాయంత్రం రమ్మన్నాను. రేపే శుక్రవారం. మీ మాటలు మార్చుకుంటారా?

మ్వనాహవా


మ్వనాహవా తల్లీ,

రాసుకో. పొట్టిది. ముసలిది. బూడిదరంగుది. పందెం గెలిచిన ఏడాదే కాలు విరిగింది, అప్పటినుంచీ కుంటిది. మొండిది. నాది. ఆవిడకివ్వకు.

తలవంచిన
ఫుమో షీ

తా.క.: ఈ ఉత్తరం దాని దగ్గర పైకి చదవకు.


తాతగారూ,

మీ ఉత్తరం అందేలోపే ఆవిడకు ఇచ్చేశాను. గాడిదను ఎదుట నిలబెడితే ఆవిడ కాసేపు చూసి, "నేను వెతుకుతున్నది మా ఆయన్ని, అమ్మాయీ. సోమవారం నుంచీ ఇంటికి రాలేదు" అన్నారు. నేను తాడు వెనక్కి తీసుకోబోతే వదల్లేదు. "ఉండనీ, ఇదీ మా ఇంటిదే. ముందు ఇదన్నా ఇల్లు చేరనీ" అంటూ తోలుకుపోయారు.

మీరూ వెళ్ళండి.

మ్వనాహవా

తా.క.: గుర్తులు సరిగ్గా చెబితేనే తలుపు తీస్తారట. హోదారి అనవద్దని మరీ మరీ చెప్పమన్నారు.