ఏడు పేర్ల కాగితం

ఫిబ్రవరి 11, 2015. ఉదయం

కంప్యూటర్ మళ్ళీ ఆగిపోయింది. ఆన్ చేసిన సరిగ్గా గంటకి. నిన్నా అంతే, మొన్నా అంతే. నీలం తెర, తెల్ల అక్షరాలు, ఒక్క ముక్క అర్థం కాదు. ముప్పై ఎనిమిదేళ్లు ఈ తరాజ్ ఊళ్ళో పిల్లలకి డ్రాయింగ్ చెప్పిన మాస్టార్ని. ఒక పెట్టె నన్ను వెర్రివాణ్ణి చేస్తోంది.

ఫిబ్రవరి 13

పెళ్ళికొడుకు తరఫు పెద్దాయన సెయిల్‌బెక్ ఫోన్ చేశాడు. మార్చి ఒకటో తేదీ ఆదివారం వస్తారట. మా అమ్మాయి జాదిరా చెవులకి కమ్మలు పెట్టి పెళ్ళి ఖాయం చేసుకుంటారట. ఈలోగా పిల్లకీ పిల్లాడికీ ఏడేడు తరాల తాతల పేర్లు కాగితం మీద రాసి ఉంచమన్నాడు. రెండిళ్ళదీ ఒకే తెగ. ఇద్దరిలో ఎవరికైనా సరే, ఏడు తరాల లోపల ఇద్దరికీ చెందిన తాత ఒక్కడు తగిలినా వాళ్ళు అన్నాచెల్లెళ్ళే, ఇక పెళ్ళి మాట లేదు.

వాళ్ళ ఇల్లు 1930ల నాటి కరువులో చెల్లాచెదురైంది. ఐదు పేర్లు దాటితే వాళ్ళకే తెలియదు. తెలిసింది నా కంప్యూటర్‌కి. పదకొండేళ్లుగా మా తెగ వంశావళి ఎక్కిస్తున్నది నేనొక్కణ్ణే. నాలుగు వేల మూడొందల పన్నెండు పేర్లు. ఎక్కించాక నోటుబుక్కులన్నీ పొయ్యి అంటించడానికి వాడేశాను. ఏం తెలివి!

ఫిబ్రవరి 15. సాయంత్రం 4 గంటలు

మా వైపు పేర్లకి కంప్యూటర్ అక్కర్లేదు. నాలుగేళ్ల వయసులో నాన్న ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పాడు. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. జాదిరాకి మొదటి పేరు నాది. ఏడోది తొక్తబాయ్.

అబ్బాయి మెయిరామ్ వైపు ఫైలు తెరిచాను. ఒక్కొక్క పేరే పైకి లెక్కపెట్టుకుంటూ పోయాను. ఎనిమిదో పేరు తొక్తబాయ్ అని కనిపించింది. అప్పుడే నీలం తెర.

చూశానా? చూశాననుకున్నానా? కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాను. అది నిజమైతే వాడికి ఎనిమిదో తాత, మా పిల్లకి ఏడో తాత ఒకడే.

ఫిబ్రవరి 16

ఉల్మెకెన్ వదిన ఇది దిష్టే అంది. మా అన్న పోయి ఇరవై ఏళ్లయింది, అప్పట్నుంచీ మా ఇంట్లోనే ఉంటోంది. నా భార్య పోయాక జాదిరాని చూసుకున్నదీ ఆవిడే. ఎనభై ఒకటొచ్చినా మాట వినదు. ఎండుగడ్డి ఏదో కాల్చి కంప్యూటర్ చుట్టూ మూడుసార్లు పొగ తిప్పింది. నేను దగ్గి దగ్గి చచ్చాను.

ఫిబ్రవరి 18

ఆన్ చేస్తే గంట టైముంది. మళ్ళీ చూడొచ్చు. చేయలేదు.

ఫిబ్రవరి 20

జాదిరా కాగితం ఎక్కడిదాకా వచ్చిందని అడిగింది. ఆన్ చేస్తే డిస్క్ పూర్తిగా పాడవుతుందని చెప్పాను. కూతురితో అబద్ధం. దాని మొహం చూస్తూనే చెప్పాను. అది నమ్మి, బజార్లో వేరా త్సోయ్‌కి ఫోన్ చేసి సోమవారానికి టైము తీసుకుంది. వేరా కొరియన్ల అమ్మాయి, ఒకప్పటి నా స్టూడెంట్, ఇప్పుడు కంప్యూటర్లు బాగుచేస్తుంది.

నాకేం కావాలో నాకే తెలియడం లేదు. బాగైతే పిల్ల పెళ్ళి ఆగుతుంది. పాడైతే పదకొండేళ్లు బూడిద. తెల్లారి లేచేసరికి పాడైపోతే బాగుండునని దేవుణ్ణి అడిగాను. సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరి 23. మధ్యాహ్నం 12 గంటలు

వేరా కొట్లో కూర్చుని రాస్తున్నాను. లోపలున్నది ఎస్ఎస్‌డీ అట, దాంట్లో ఫర్మ్‌వేర్ అని ఒకటుంటుందట, అంటే ఆ డ్రైవ్ తన పని తాను చేసుకోవడానికి లోపల ఉన్న ప్రోగ్రాం. అది ఎన్ని గంటలు పనిచేసిందీ తనే లెక్కపెట్టుకుంటుందట. ఐదు వేల చిల్లర గంటలు దాటేసరికి దాని లెక్క తప్పింది. అప్పట్నుంచీ గంటకోసారి బిగుసుకుపోతోంది. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే సరిపోతుందట. రెండు నిమిషాల పని.

మామూలుగా ఏమీ పోదు, కానీ పోతే మొత్తం పోతుంది, ముందు కాపీ తీసి పెడతానంది. వద్దన్నాను.

వేరా స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. “మాస్టారూ, గీత ఒక మిల్లీమీటరు పక్కకి పోతే షీటు చింపేసేవారు. పదకొండేళ్ల పనికి కాపీ వద్దంటారా?”

వద్దనే అన్నాను. తొందరగా ఉందన్నాను. అది కూడా అబద్ధమే.

12 గంటల 20 నిమిషాలు

ఏమీ పోలేదు.

ఫిబ్రవరి 24

ఉదయం నుంచి ఆన్‌లోనే ఉంది. ఐదు గంటలు దాటింది, ఆగలేదు. ఫైలు తెరిచాను. నేను చూసింది నిజమే. మెయిరామ్‌కి ఎనిమిదోవాడు తొక్తబాయ్, అదే తొక్తబాయ్, అదే పల్లె. వేరే తొక్తబాయ్ ఎవడైనా ఉన్నాడేమోనని మూడుసార్లు వెతికాను. లేడు.

రెండు వైపుల పేర్లూ ఒకే కాగితం మీద ప్రింట్ తీశాను. ఒక్క పేరు మార్చేస్తే ఎవడికి తెలుస్తుంది? వేలు ఆ పేరు మీదే పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మార్చలేదు. మార్చనని కూడా అనుకోలేదు.

ఫిబ్రవరి 26

అక్షరాలు కుదరడం లేదు.

వదిన వంటింట్లో జొన్నలు బాగుచేస్తోంది. ఆ కాగితం చదివి వినిపించమంది. ఆవిడకి చదువు రాదు. చదివాను. మా వైపు ఏడో పేరు, తొక్తబాయ్ దగ్గర ఆగాను. ఏడోవాడు తగిలాడు వదినా, పెళ్ళి కుదరదు అన్నాను. ఇంట్లో ఎవరితోనూ అనని మాట మొదట ఆవిడతోనే అన్నాను.

ఆవిడ జొన్నలు ఏరడం ఆపలేదు. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

“ఒక పేరు తప్పింది,” అంది.

ఎవరిదని అడిగాను.

“మీ అన్నది.”

అన్న పేరు ఇందులో ఎందుకుంటుంది, ఇది తండ్రుల వరస అన్నాను. అప్పుడు చేట పక్కన పెట్టి నా వైపు చూసింది. “ఆయన నీకు అన్న కాదు చిన్నబ్బాయ్. నిన్ను కన్నది నేను.”

మా వాళ్ళలో మొదటి బిడ్డని తాతా నాయనమ్మా తీసుకుని తమ కొడుగ్గా పెంచుకోవడం ఉన్నదే. కన్నవాళ్ళు ఆ తర్వాత వాణ్ణి కొడుకు అనరు. నాకు తెలియదా అంటే తెలుసు. పదేళ్లప్పుడే పక్కింటి పిల్లలు ఏడిపించారు. తెలిసినా లెక్కలోకి తీసుకోలేదు. నాలుగు వేల మూడొందల పన్నెండు మందిని ఇల్లిల్లూ తిరిగి వరసలో పెట్టాను, నన్ను మాత్రం తాతకి కొడుకుగా రాసుకున్నాను. నేను నాన్న అన్నవాడు తాత. అన్న అన్నవాడు నాన్న. ఒక తరం నేనే మింగేశాను.

అత్తయ్యకి మాటిచ్చాను, ఎన్నడూ కొడుకు అననని, అంది. అత్తయ్యే పోయి ముప్పై ఏళ్లయింది, ఇంక ఆ మాట కోసం పిల్ల పెళ్ళి చెడగొట్టుకుంటామా అంది. మళ్ళీ చేట దగ్గరికి లాక్కుంది.

లెక్కపెట్టాను. అన్న, కాదు, ఆయన పేరు రెండోది. తొక్తబాయ్ ఎనిమిదికి వెళ్ళాడు.

సంతోషపడాలి. ఎందుకేడ్చానో తెలియదు.

ఫిబ్రవరి 27

జాదిరాకి చెప్పాను. తనకి చిన్నప్పట్నుంచీ తెలుసట. మరి నాకెందుకు చెప్పలేదే అంటే, మీరు రాయకపోయేసరికి రాయడం ఇష్టం లేదనుకున్నాను నాన్నా అంది.

మార్చి 1

వచ్చారు. సెయిల్‌బెక్ కాగితం తీసుకుని వేళ్ళ మీద లెక్కపెట్టాడు. రెండో పేరు దగ్గర ఆగాడు. ఈయన మీ అన్నగారు కదా అన్నాడు. గది నిండా జనం.

“మా నాన్న,” అన్నాను.

ముసలాయన మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టి ఎనిమిది అన్నాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మెయిరామ్ తల్లి జాదిరా చెవులకి కమ్మలు పెట్టింది.

అప్పుడు సెయిల్‌బెక్ పెళ్ళికూతురి నాయనమ్మని పెద్దల వరసలో కూర్చోబెట్టమన్నాడు. వదిన గుమ్మం దగ్గర, టీ నీళ్ళు కాగే సమోవర్ పక్కనే ఉంది. మా వాళ్ళింటికి కోడలిగా వచ్చినప్పట్నుంచీ ఆవిడ చోటు అదే. మరి టీ ఎవరు పోస్తారంది.

నేను పోస్తానన్నాను. అమ్మా అని పిలవబోయాను, నోరు తిరగలేదు. ఊరికే ఆవిడ చేతిలో గిన్నె తీసుకున్నాను. ఇరవై మందికి పోశాను. సగం కింద పోశాను.

మార్చి 2

వంశావళిలో మగవాళ్ళ పేర్లే రాస్తాం. నా పేరు పక్కన ఉల్మెకెన్ అని టైప్ చేశాను. తల్లి పేరు పెట్టడానికి అందులో గడి లేదు. గంటన్నరగా దాన్నే చూస్తూ కూర్చున్నాను.