మన పిల్లిని సంతలో వదలొద్దు

కుప్పం

అమ్మా, నేను కులాసా.

మూడు రోజులుగా అరుస్తున్న మన బూడిద పిల్లికి గాలి సోకిందని, దాన్ని కలికిరి సంతలో వదిలేయమని అవ్వ అంటోందని ఫోనులో చెప్పావు. ఇది ఫోనులో చెప్పే మాట కాదు, అందుకే రాస్తున్నాను. వదలొద్దు. ఇక్కడ ఇంటి ఓనరు కమలాక్షమ్మ పిల్లీ అలాగే పొర్లుతూ అరిస్తే, కడుపునొప్పి అనుకొని వాము నీళ్లు పోశాం. చివరికి నేనే పశువుల ఆసుపత్రికి ఎత్తుకెళ్లాను. "నొప్పి యాడుండాదమ్మా? ఎదకొచ్చి మొగుణ్ణి పిలస్తాండాది," అని డాక్టరు నవ్వాడు. నేను తలెత్తలేదు.

మనదీ అంతే. ఇప్పటికే మగపిల్లితో కలిసి ఉంటే రెండు నెలల్లో పిల్లల్ని పెడుతుంది. నా పుస్తకాల అట్టపెట్టె ఖాళీ చేసి దానికివ్వు. మళ్లీ పిల్లలు పుట్టకుండా దానికి చేయించే ఆపరేషన్ సంగతి నేనొచ్చి చూస్తాను. నీ మోకాలు ఎలా ఉంది?

అవ్వకు దండాలు. ఈ కార్డు ఆమెకు నువ్వే చదివి వినిపించు, నాన్నతో చదివించొద్దు.

నీ కుసుమ