స్పీకర్ల వైరు గురించి

జమ్మలమడుగు,
ఆగస్టు 11, 2002.

చిరంజీవి జయరత్నానికి,

నాయన దాసయ్య ఆశీస్సులు. దేవుని కృప వల్ల నేనూ మీ అమ్మా తింటూ తిరుగుతూ ఉన్నాము. హైదరాబాదులో నువ్వు కూడా వేళకు తింటూ ఒంట్లో బాగున్నావని నమ్ముతున్నాను. నీ జాబు అంది చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైందని ఏమీ అనుకోకు. కాగితం తీసుకుని కూర్చోవడం, నాలుగు ముక్కలు రాయడం, చింపేయడం, ఇదే పనిగా ఉంది నాకు. పోనీ ఫోన్ చేద్దామంటే మన వీధి చివర ఎస్టీడీ బూతువాడు మన మాటలు మనకంటే శ్రద్ధగా వింటాడు.

ముందు ఇక్కడి సంగతులు. పులివెందుల నుంచి మీ వరమ్మత్త వచ్చి రెండు రోజులుండి పోయింది. ఈ ఏడు వాన జాడే లేదు. వాళ్ల బోరు ఎండిపోయి చీనీ చెట్లు నిలువునా మాడిపోతున్నాయట. ట్యాంకర్లతో నీళ్లు తోలించి చూశారు, ఫలితం లేదు. నీకు పంపమని ఒక సంచి కాయలిచ్చింది. గోలీకాయలకంటే కాస్త పెద్దవి, అంతే. అవి నీకు పంపి పరువు తీసుకోవడమెందుకని మేమే తింటున్నాము. అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి అడిగావు. అట్లాగే ఉన్నాయి. డాక్టరు దగ్గరికి పోదామంటే వినదు, ఆదివారం చర్చికి మాత్రం అందరికంటే ముందు పోయి కూర్చుంటుంది.

ఇక వైర్ల సంగతి. గదిలో పెట్టుకున్న రెండు స్పీకర్లకూ ఇప్పటికి మూడు రకాల వైర్లు మార్చావని, అయినా నేను పంపిన మీ అన్న పాట క్యాసెట్టులో గుయ్‌మనే మోత పోలేదని, మూడో వైరు పిన్నులకు బంగారు పూత ఉందని రాశావు. మీ అమ్మ చెవులకు లేని బంగారం నీ స్పీకర్లకెందుకురా? నాకు తెలిసింది చెబుతాను. వైరు లోపల రెండు తీగలుండి, వాటి చుట్టూ సన్నని రాగి జాలీ అల్లి ఉండాలి. బయటి కరెంటు మోతను లోపలికి రానీయనిది ఆ జాలీయే. మూడు పిన్నులున్నదే తీసుకో. ఒక స్పీకరు దగ్గరగా, ఒకటి దూరంగా ఉన్నా రెండింటికీ ఒకే పొడవు కొను. మిగిలిన వైరును బిగించి చుట్టొద్దు, వదులుగా వదిలేయి. కరెంటు వైరు పక్కనే పోనీయొద్దు. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించు. ఇంతకు మించి ఎంత పోసి కొన్నా నీ చెవికి అదనంగా వినబడేదేమీ ఉండదు.

అయినా నాది మైక్‌సెట్ బుద్ధి. హారన్లకు ఏ వైరు తగిలించినా అరుస్తాయి. స్టూడియో స్పీకర్ల దగ్గర ఆ మొరటుతనం పనికిరాదని, ప్రొద్దుటూరు పోయి సలీం అంగట్లో కూడా అడిగి వచ్చాను. అన్నతో పాటు రేడియో రిపేరు నేర్చుకున్న సలీమే. వాడూ నేను రాసినట్టే చెప్పాడు. చెప్పి, ఊరుకోకుండా ఇంకో మాట అడిగాడు.

"మామా, వేరే క్యాసెట్టు పెట్టినా మోత వస్తాందంటనా?"

"అది రాయలేదప్పా."

"రికార్డింగ్ థియేటర్లో పనిచేసే మీ చిన్నోడు మొదట చూసేది అదే గదా మామా."

సలీం టీ తెప్పించాడు, తాగి బస్సెక్కాను.

జమ్మలమడుగు చేరే దాకా బస్సులో అదే ఆలోచన. నువ్వు మొదటి రోజే వేరే క్యాసెట్టు పెట్టి విని ఉంటావు. దాంట్లో మోత ఉండదు. అన్న క్యాసెట్టు పెట్టినప్పుడే వస్తుంది. అది తెలిసి కూడా నన్ను వైర్ల గురించే అడుగుతున్నావంటే, క్యాసెట్టు సంగతి అడగడానికి నీకు నోరు రావడం లేదు. నాకూ చెప్పడానికి నోరు రాకనే ఒక పేజీ వైర్లతో నింపాను. నాయనా, మోత నీ వైర్లలో లేదు. నేను పంపిన క్యాసెట్టులోనే ఉంది. దాన్ని అందులో పెట్టింది నేనే.

అన్న కేసు వాయిదా ఎప్పుడని అడిగావు. ఇంక వాయిదాల్లేవు. రాజీ అయిపోయింది.

నీకు తెలిసిన సంగతులే, అయినా మొదటి నుంచి రాయకపోతే నా చేయి కదలడం లేదు. మూడేళ్ల కింద ఎలక్షన్లప్పుడు పెద్దముడియం దారిలోని ఆ ఊళ్లో మీటింగుకు అన్న మైక్‌సెట్ కట్టాడు. ముందు రోజు అదే ఊళ్లో రెండో పార్టీకి కట్టిందీ వాడే. "మనకు పార్టీలేంది నాయనా, బాడుగ ఇచ్చినోడు మాట్లాడుకుంటాడు" అనేవాడు. హారన్లు కట్టిన ప్రతిచోటా చేసినట్టే ఆ రోజు కూడా టేపురికార్డరులో రికార్డు నొక్కి, మైకు ముందు కీర్తన ఒక చరణం పాడి సరిచూసుకున్నాడు. నేను అవతలి హారన్ కింద నిలబడి ఉన్నాను. ఉపన్యాసాలు మొదలయ్యాయి, క్యాసెట్టు తిరుగుతూనే ఉంది, బాంబులు పడ్డాయి. యాంప్లిఫయరు ముందు కూర్చున్న నా కొడుకు మళ్లీ లేవలేదు. పోలీసులు వచ్చి మైక్‌సెట్టూ వైర్లూ జప్తు చేసేలోపు ఆ క్యాసెట్టు ఒక్కటీ తీసి పంచె మడతలో దాచుకున్నాను. వాడి పాట, ఆ తరువాత ఎవరు ఎవరిని పేరు పెట్టి పిలిచి బాంబు వేయమన్నారో ఆ కేకలు, రెండూ దాంట్లోనే ఉన్నాయి. కోర్టులో ఇద్దామని పెట్టెలో పెట్టాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా వినలేదు. ధైర్యం చాలలేదు.

ఈ ఎండాకాలంలో రెండు వైపుల పెద్దలూ ఒకే పార్టీలో చేరిపోయారు. తరువాత కొన్నాళ్లకు ఆ వైపు నుంచి ఒకాయన, ఈ వైపు నుంచి ఒకాయన కలిసి మన ఇంటికొచ్చారు. క్యాసెట్టు సంగతి వకీలుకు చెప్పి ఉంటిని, అది ఆ నోటా ఈ నోటా వాళ్లకు చేరింది. అమ్మ టీ ఇచ్చి లోపలికి పోయింది. ఎవరూ గొంతు పెంచలేదు.

"దాసయ్య మామా, పెద్దోళ్లే కలిసిపోయినారు. ఇంగ మనకెందుకు కేసులు? కోర్టులో నాకేం తెలీదని చెప్పు. ఆ క్యాసెట్టు రేపు సాయంత్రం తెచ్చియ్యి."

"దాంట్లో మా పిల్లోని పాటుందప్పా."

"పోయినోడు ఎట్లాగూ రాడు. ఇంకో పిల్లోడు హైదరాబాదులో ఉండాడంట గదా. వాన్నన్నా సల్లగా ఉండనీ" అన్నాడు ఆ ఇద్దరిలో పెద్దాయన, శానా మర్యాదగా. నువ్వుండే వీధి పేరు కూడా చెప్పాడు.

ఒప్పుకున్నాను. నీ కోసమని రాసి ఈ బరువు నీ నెత్తిన పెట్టను. భయపడ్డాను, అంతే.

మరుసటి రోజు మధ్యాహ్నం అమ్మ చర్చిలో స్త్రీల కూటానికి పోయినప్పుడు రెండు టేపురికార్డర్లు పక్కపక్కన పెట్టి, పాట వరకూ ఇంకో క్యాసెట్టుకు ఎక్కించాను. జాలీ ఉన్న మంచి వైర్లన్నీ స్టేషన్లో పడి ఉన్నాయి. ఇంట్లో దొరికింది బల్బుకు వేలాడదీసే మామూలు వైరు. దాని కొసలు గీకి, మెలివేసి, కరెంటు వైరు పక్కనుంచే లాగి కలిపాను. మైక్‌సెట్ పనిలో ఎన్నోసార్లు అట్లాగే కలిపేవాళ్లం, హారన్ల గోలలో ఆ మోత ఎవరికీ పట్టేది కాదు. వాడి గొంతు పక్కింటికి వినబడితే కాపీ తీస్తున్నానని వాళ్లకు తెలిసిపోతుందేమోనని శబ్దం పూర్తిగా తగ్గించేశాను. బతుకంతా వినడమే పనిగా ఉన్నవాణ్ణి, నా బిడ్డ పాటను వినకుండా ఎక్కించాను.

సాయంత్రం అసలుది తీసుకుపోయి ఇచ్చాను. రీలు బయటికి లాగి నా కళ్ల ముందే కాల్చారు. ఇంటికి వచ్చి కాపీ పెట్టి చూసుకుంటే అంతా మోతే. దాని అడుగున ఎక్కడో వాడు. జాగ్రత్తగా వింటే "నాయనా, ఆ పక్క హారన్ పలుకుతాందా?" అని వాడు అడగడం, "పలుకుతాందిరా, పాడు" అని నేను దూరం నుంచి అరవడం వినబడతాయి. అక్కడ ఏముందో తెలిసినవాణ్ణి కాబట్టి నాకు వినబడతాయేమో, నీకెట్లా ఉందో తెలియదు. ఆ కాపీనే నీకు పంపి, అసలుది పెట్టెలో భద్రంగా ఉందని అబద్ధం రాశాను. పోయిన నెల కోర్టులో నిలబెట్టి, ఆ రోజు నువ్వెక్కడున్నావని అడిగారు. ఇంట్లో ఉన్నానని చెప్పాను.

రాజీ సంగతి అమ్మకు తెలుసు. క్యాసెట్టు సంగతి తెలియదు. సెప్టెంబరులో అన్న జ్ఞాపకార్థ కూటంలో వాడి పాట పెడతారని, చిన్నోడు హైదరాబాదులో దాన్ని బాగుచేస్తున్నాడని చర్చిలో అందరికీ చెప్పుకుంది. నీ జాబు వచ్చినప్పుడల్లా "మోత పోయిందంటనా?" అని అడిగేది. ఇంక మోయలేక నిన్న చెప్పేశాను. బియ్యంలో రాళ్లేరుతోంది. చేయి ఆపలేదు.

"అసలుది లేదా?" అంది.

"లేదు."

అంతే. అన్నం వండింది, పెట్టింది, తను తినలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది జయరత్నం. ఇరవై ఎనిమిదేళ్లు పెంచిన కొడుకు గొంతును బల్బు వైరుతో పాడుచేసినవాణ్ణి ఎంత తిట్టినా తక్కువే.

ఈ పొద్దున నేను ఈ జాబు రాస్తుంటే వచ్చి వాకిలి పట్టుకుని నిలబడింది. ఎవరికని అడగలేదు.

"చిన్నోనికి రాయి" అంది. "ఆ మోతలోనైనా నా పిల్లోడు ఉండాడు గదా. కడిగి కడిగి ఉన్నోన్ని గూడా పోగొట్టుకుంటాడేమో. ఇంగ దాన్ని ముట్టుకోవద్దను. ఎట్లుంటే అట్లే పంపమను."

అట్లే పంపు నాయనా.

ఇట్లు,
మీ నాయన
దాసయ్య